ఇరవై తొమ్మిదో అడుగు

స్ఫటికగిరి కోటలో పారదాక్షుడి క్రీడామందిరానికి కిటికీలు లేవు. నలభై పగడపు స్తంభాలు, పాలరాతి నేల, గోడల నిండా నీలాలు తాపిన గూళ్లు, ముత్యాల కుచ్చులు వేలాడే గుండ్రని కప్పు. ఆ కప్పు నడినెత్తిన గుమ్మడికాయంత రంధ్రం ఒకటి ఉంది. మధ్యాహ్నం దాటాక దానిలోంచి ఒకే ఒక్క సూర్యకిరణం లోపలికి దిగి, మందిరం నడుమ పొట్టి దిమ్మె మీద పరిచిన నల్లకర్ర పలక మీద వాలుతుంది. పలక ఈ కొసనుంచి ఆ కొసకు అది పాకడానికి నాలుగు గడియలు పడుతుంది. ఆ నాలుగు గడియలే ఆట.

నీలాలు తాపిన గూళ్లలో దేవుళ్లు లేరు. బొటనవేలంత కొయ్యమేకులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒకప్పుడు అన్నం తిని, అలిగి, కూనిరాగాలు తీసిన మనిషే. పారదాక్షుడితో ఆడి ఓడినవాళ్లు వాళ్లంతా.

ఆ పూట పలకకు ఇటువైపు పీట మీద కూర్చున్నవాడికి జరీ తలపాగా, చెవులకు పోగులు, మెడలో పచ్చల దండ. చూసినవాళ్లు వజ్రాల వర్తకుడనే అనుకుంటారు. నిజానికి అతను హేలాపురిలో కొయ్యబొమ్మలు చెక్కే పనివాడు, పేరు దారుదత్తుడు. వజ్రానికీ పటికబెల్లానికీ తేడా చెప్పమంటే నాలుక మీద వేసుకుని చూడాలి పాపం. జరీ తలపాగా మడతల్లో ఒక ఉలి మాత్రం దాచుకున్నాడు. అది లేకుండా గడప దాటడం అతనికి అలవాటు లేదు.

ఏడేళ్ల క్రితం అతన్ని పెంచి, పని నేర్పిన పెద్దయ్య కూర్మాచారిని ఈ మాంత్రికుడే ఎత్తుకొచ్చాడు. ఆ ముసలాయన్ని వెతుక్కుంటూ కొండలూ కోనలూ దాటి ఇంతదాకా వచ్చాడు దారుదత్తుడు. తోడుగా యువరాజు శరభవర్మ వచ్చాడు. ఏటిలో మొసలి నోట్లోంచి తనను లాగి బతికించిన రోజు నుంచీ యువరాజు అతన్ని వదల్లేదు. మారువేషంలో బొమ్మలవాడు యజమాని, యువరాజు నౌకరు. "మూట అలా కాదు, నెత్తిన పెట్టుకోవాలి" అని దారిపొడుగునా దారుదత్తుడు నేర్పుతూనే ఉన్నాడు, శరభవర్మ మూటను సింహాసనం మీద కిరీటంలా మోస్తూనే ఉన్నాడు.

వాళ్లు లోపలికి రాగానే పారదాక్షుడు నవ్వాడు. పాదరసంలా మెరిసే కళ్లు, నడుముదాకా గడ్డం. రసవాదంలో పుటాలు పెట్టీ పెట్టీ అతని వేళ్లు మొద్దుబారిపోయాయి. నిప్పుకణిక పెట్టినా వాటికి తెలియదు. చూసి తప్ప దేన్నీ పట్టుకోలేడు.

"మా కోటలో ఆటకి వచ్చినవాడు తన మేకు తానే తెచ్చుకోవాలి శెట్టీ," అన్నాడు. "తోడు తెచ్చుకున్నవాడే మేకు. నీ నౌకరు బలంగానే ఉన్నాడు."

దారుదత్తుడు యువరాజుకు అడ్డంగా నిలబడ్డాడు. "వాడొద్దు. వాడు పనికిమాలినవాడు, మూట కూడా సరిగ్గా మోయలేడు" అన్నాడు.

"నేను సిద్ధమే, దొరగారూ" అన్నాడు శరభవర్మ. ఆ "దొరగారూ" అన్న మాటలో కూడా రాచఠీవి పోలేదు. మాంత్రికుడు చిటిక వేశాడు. ఆరడుగుల మనిషి బొటనవేలంత కొయ్యమేకై నేల మీద టక్కున పడ్డాడు.

"నా మేకు నా దగ్గర ఏడేళ్లుగా ఉంది," అంటూ పారదాక్షుడు మొలలోంచి ఇంకో మేకు తీశాడు. "మంచి పనివాడు. ఈ పలకా, ఈ ముక్కలూ, నా ఇనుప భటుల కీళ్లూ వాడి చేతివే. పని పూర్తి కాగానే వాణ్ణి ఇలా దాచుకున్నాను."

దారుదత్తుడు ఆ మేకు వంక చూసి, కళ్లలో నీళ్లు తిరిగితే తలపాగా సర్దుకుంటున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తన పెద్దయ్య కళ్ల ముందే ఉన్నాడు, అదీ శత్రువు మేకుగా.

ఇద్దరూ పలక మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. పలకలో చెరో వరసకు నూట ఇరవై బెజ్జాలు, నూట ఇరవై ఒకటోది ఇద్దరికీ ఒకటే చివరి బెజ్జం. ఎండ ఉండగా చివరి బెజ్జం తాకిన మేకు తిరిగి మనిషి అవుతుంది. ఓడినవాడు తానే మేకవుతాడు. కిరణం పలక దాటేలోగా ఎవరూ చివరికి చేరకపోతే ముందున్నవాడిదే గెలుపు. కూర్చున్న పీట కదిపినా ఓటమే.

ఆట చెప్పుకోవడానికి తేలికే. సంచిలో నలభై కొయ్యముక్కలు, ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఒక్కో అంకెవి నాలుగు. ఇద్దరికీ చెరి నాలుగు పంచుకుంటే ఒక ఆట, అది అవగానే ముక్కలన్నీ తిరిగి సంచిలోకి. ఒకడి తర్వాత ఒకడు ముక్క వేస్తూ మొత్తం పైకి చెబుతూ పోవాలి, ముప్పై ఒకటి దాటకూడదు. ఎదుటివాడు వేసిన అంకే తానూ వేస్తే జంట, మేకు రెండు అడుగులు నడుస్తుంది. దాని మీద మూడోది పడితే ఆరు, నాలుగోది పడితే పన్నెండు. ఇక వెయ్యడానికి ఇద్దరికీ లేనప్పుడు, ఆఖరి ముక్క వేసినవాడికి ఒక అడుగు. వెనకబడ్డవాడు ముక్కలు పంచాలి, ముందున్నవాడు ముందు వెయ్యాలి.

మొదట్లో దారుదత్తుడికి అదృష్టం కలిసివచ్చింది. ముందున్నది అతనే గనక మాంత్రికుడే పంచాడు. అరవై బెజ్జాలు దాటేదాకా బాగానే సాగింది. ఆ తర్వాత ఏమైందో గానీ, అతను జంట కోసం దాచిన ముక్క మీదకు మాంత్రికుడు చచ్చినా రాలేదు. అతని దగ్గర లేని అంకెలే ఎంచి ఎంచి ముందుకు తోశాడు. చేతిలో ఉన్నది చదివినట్టు ఆడుతున్నాడు. చూస్తుండగానే మాంత్రికుడి మేకు ముందుకు పోయింది.

రెండు అడుగులు జరపడానికి దారుదత్తుడు తన మేకును పట్టుకున్నప్పుడు గుప్పెట్లోంచి దోమ రొదలా శరభవర్మ గొంతు వినిపించింది.

"ఒరేయ్ దారూ! నీ వెనక ఆడబొమ్మ చేతిలో వెండి తాంబూలపు పళ్లెం ఉందిరా. అందులో నీ ముక్కలు నాలుగూ కనబడుతున్నాయి. ఆ గడ్డంవాడు నీ మొహం చూడట్లేదు, ఆ పళ్లెం చూస్తున్నాడు!"

దారుదత్తుడికి ఒళ్లు మండింది. లేచి ఆ పళ్లెం పీకి మాంత్రికుడి నెత్తిన కొట్టాలనిపించింది. కానీ పీట కదిపితే ఓటమి. పళ్ళు బిగించి, ఏమీ విననట్టే మేకును బెజ్జంలో గుచ్చాడు.

ఇప్పుడు పంచే వంతు అతనిదైంది. సంచిలో చెయ్యి పెట్టాడు. పెట్టగానే ఆ చెయ్యి అక్కడే ఆగింది.

ఆట మొదలైనప్పటి నుంచీ ముక్కల్ని పట్టుకుంటూనే ఉన్నాడు, కానీ ధ్యాసంతా అంకెల మీదే. ఇప్పుడు నలభై ముక్కలూ ఒకేసారి వేళ్లకు తగిలాయి. లక్క పూత కింద చాలావరకు టేకు. నాలుగు మాత్రం అరచేతిలో ఉన్నట్టే లేవు, అంత తేలిక. అది బొమ్మలు చెక్కే పొణికి కర్ర. మరి నాలుగు రాళ్లలా బరువు. అది చండ్ర. పొణికినీ చండ్రనూ టేకుతో కలిపి ఒకే ఆటకు ముక్కలు కోసే పనివాడు భూమ్మీద ఉండడు, తెలిసి చేస్తే తప్ప.

హేలాపురి బొమ్మలవాళ్లలో ఒక ఆచారం ఉంది. ఇష్టంతో చేసిన పనిలో కర్ర మారదు. కొరడా చూపించి చేయించుకున్న పనిలో మాత్రం ఎక్కడో ఒకచోట వేరే కర్ర పెడతారు. ఎప్పుడో ఒకనాడు సాటి పనివాడి చెయ్యి దాని మీద పడుతుంది, ఇది ఏడ్చి చేసిన పని అని అతనికి తెలుస్తుంది. "ఏడిపించి చేయించుకున్న పనిలో కర్ర మార్చాలిరా" అని కూర్మాచారి చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో!

దారుదత్తుడు ఒక తేలిక ముక్క, ఒక బరువు ముక్క తనకు వేసుకుని తిప్పి చూశాడు. తేలికది మూడు. బరువుది నాలుగు. ఆ ఆటలో కావాలనే ఒక్కొక్కటీ తడిమి, తన మిగతా రెండు ముక్కలూ అలాగే ఎంచి, తేలికదల్లా మూడని, బరువుదల్లా నాలుగని రూఢి చేసుకున్నాడు. ఆ పరీక్షకు మూల్యం చెల్లించాడు. మాంత్రికుడు తొమ్మిది అడుగులు ఎగబాకాడు.

ఆ ఆట ముగిసేసరికి మాంత్రికుడి మేకు నూట ఎనిమిదో బెజ్జంలో, దారుదత్తుడిది తొంభై రెండులో నిలిచాయి. ఎండ పలక చివరికి నాలుగు వేళ్ల దూరంలో ఉంది.

"ఇంకొక్క ఆటకే పొద్దుంది శెట్టీ," అన్నాడు పారదాక్షుడు ఆవులిస్తూ. "నాకు పదమూడు అడుగులు కావాలి. రాకపోయినా ముందున్నది నేనే. నీకు ఇరవై తొమ్మిది కావాలి. ఈ మందిరంలో ఒక్క ఆటలో పద్దెనిమిది దాటినవాణ్ణి నేను చూడలేదు. ఏ గూట్లో నిలబడతావో ఇప్పుడే చూసుకో."

దారుదత్తుడు గూళ్ల వంక చూడలేదు. లోపల లెక్క వేసుకుంటున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ రెండు మూళ్లు, రెండు నాల్గులు పడితే? అవతలివాడు ఏది వేసినా తాను జంట కలపాలి. వాడు ఆశపడి మూడోది వేస్తే తాను నాలుగోది వెయ్యాలి. రెండూ పన్నెండూ, మళ్లీ రెండూ పన్నెండూ, ఆఖరి ముక్కకు ఒకటి. సరిగ్గా ఇరవై తొమ్మిది! అంతకు ఒక్క అడుగు ఎక్కువా రాదు, తక్కువైతే చాలదు. ఈలోగా వాడికి ఆరూ ఆరూ పన్నెండు వస్తాయి. వాడికి కావలసింది పదమూడు.

ఆ లెక్కంతా ఒక వెంట్రుక మీద వేలాడుతోంది. వాడు ఆశపడాలి. తన చేతిలో ఏముందో తెలిస్తే ఏ వెర్రివాడూ ఆశపడడు. వెనక ఆ దిక్కుమాలిన పళ్లెం ఉండనే ఉంది.

సంచిలో చెయ్యి పెట్టాడు. తేలికవి రెండు, బరువువి రెండు తీసి మాంత్రికుడి ముందుకు జరిపాడు. తేలికవి మరో రెండు తనకు. బరువుది ఒకటి దొరికింది. ఎనిమిదోది దొరకలేదు.

"ఏం శెట్టీ, సంచిలో ఉప్పు వెతుకుతున్నావా?"

"ఆఖరి ఆట కదా స్వామీ, మంచి ముక్క కోసం మొక్కుకుంటున్నాను."

చెమటకు వేళ్లు జారుతున్నాయి. టేకు, టేకు, మళ్లీ టేకు. అడుగున, సంచి కుట్టులో ఇరుక్కుని ఒకటి తగిలింది. బరువుగానే ఉంది. కానీ అంచు ఒకవైపు అరిగిపోయి, మిగతా చండ్ర ముక్కలంత బరువు లేదు. అరిగిన చండ్రా, బరువైన టేకా? ఎండ ఒక వేలు మేర జరిగింది. ఇంక ఆలస్యం చేస్తే ఆటే లేదు. దేవుడి మీద భారం వేసి దాన్ని బయటికి లాగాడు.

తర్వాత అతను చేసిన పని చూసి పారదాక్షుడి కనుబొమలు పైకి లేచాయి. నాలుగు ముక్కల్నీ తిప్పకుండా, బోర్లానే పలక పక్కన వరసగా పెట్టుకున్నాడు.

"ఏమిటిది? చూసుకోవా?"

"చూసి ఆడితే ఇంతదాకా ఏం బావుకున్నాను స్వామీ? రాసి పెట్టి ఉంటే చూడకుండానే వస్తుంది."

మాంత్రికుడి కళ్లు పళ్లెం మీదకు పోయి, అక్కడ ఏమీ కనపడక వెనక్కి వచ్చాయి. ఆ తర్వాత తన ముక్కలు చూసుకున్నాడు. రెండు మూళ్లు, రెండు నాల్గులు. గడ్డం నిమురుకున్నాడు. ఎదురుగా ఉన్నవాడు గుడ్డివాడి కింద లెక్క. గుడ్డివాడితో ఆడటానికి భయం దేనికి?

"మూడు," అంటూ ఒక ముక్క వేశాడు.

దారుదత్తుడి వేళ్లు వరస మీద తారాడి ఒక ముక్క దగ్గర ఆగాయి. ఎత్తి తిప్పాడు. "ఆరు."

మూడు మీద మూడు! జంట. శరభవర్మ మేకు రెండు అడుగులు నడిచి తొంభై నాలుగులో నిలబడింది.

పారదాక్షుడు పకపకా నవ్వాడు. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డావే!" అతని చెయ్యి రెండో మూడు దగ్గరకు పోయి ఆగింది. దాన్ని వేస్తే ఆరు అడుగులు. నాల్గోది ఈ శెట్టి దగ్గర ఉంటే పన్నెండు పోతాయి. కానీ మిగిలింది ఒక్క మూడే. అది బయట ఉన్న ముప్పై అయిదు ముక్కల్లో ఎక్కడుందో! అంకె కూడా చూసుకోనివాడు దాన్నే పట్టుకుని పైకెత్తాలంటే బ్రహ్మ దిగిరావాలి.

దారుదత్తుడు నేల వంక చూస్తున్నాడు. వాడు ఇప్పుడు నాలుగు వేశాడంటే అంతా అయిపోయినట్టే.

"తొమ్మిది!" అన్నాడు పారదాక్షుడు. మూడో మూడు పలక మీద పడింది. మాంత్రికుడి మేకు ఆరు అడుగులు దూకి నూట పద్నాలుగు చేరింది.

దారుదత్తుడు తేలిక ముక్కను రెండు వేళ్లతో ఎత్తాడు. "పన్నెండు."

నాలుగో మూడు.

 పన్నెండు అడుగులు. శరభవర్మ మేకు తొంభై నాలుగు నుంచి నూట ఆరుకు వెళ్లింది. పారదాక్షుడి నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"నువ్వు... చూసుకున్నావు!"

"పళ్లెంలో కనబడిందా స్వామీ?"

మాంత్రికుడు పళ్లు నూరాడు. పళ్లెం మాట ఒప్పుకుంటే తన దొంగతనం ఒప్పుకున్నట్టే. ఇక అతని చేతిలో ఉన్నవి రెండు నాల్గులే. వేరే దారి లేదు. "పదహారు" అని ఒకటి విసిరాడు.

"ఇరవై," అన్నాడు దారుదత్తుడు. బరువు ముక్క, నాలుగు. జంట. నూట ఎనిమిది.

ఇప్పుడు పారదాక్షుడికి నిజంగా చెమట పట్టింది. చేతిలో ఒక్క నాలుగు మిగిలింది. వేసి తీరాలి. "ఇరవై నాలుగు!" అని అరిచాడు. మూడో నాలుగు, ఆరు అడుగులు. అతని మేకు నూట ఇరవైలో వాలింది. చివరి బెజ్జానికి ఒకే ఒక్క అడుగు.

ఉన్నట్టుండి మళ్లీ నవ్వు మొదలెట్టాడు. "శెట్టీ! నీ దగ్గర ఉన్నది ఒక్క ముక్క. మొత్తం ఇరవై నాలుగు. నీ ముక్క ఏడు దాటిందా, వెయ్యలేవు. అప్పుడు ఆఖరి ముక్క నాదే, ఆఖరి అడుగు నాదే! ఏడూ, అంతకు లోపూ అయినా ఏం లాభం? ఒక్క అడుగుకు నువ్వు చేరవు. చేరాలంటే అది నాలుగే కావాలి!"

అదీ నిజమే. దారుదత్తుడు ఆ అంచు అరిగిన ముక్క మీద వేలు పెట్టాడు. అరిగిన చండ్రా? బరువైన టేకా? మేకై నిలబడ్డ శరభవర్మ గుర్తొచ్చాడు. "నేను సిద్ధమే" అన్న మనిషి. తాను తప్పు ముక్క లాగి ఉంటే, మొసలి నోట్లోంచి లాగి మరీ ఇక్కడికి తెచ్చి చంపినట్టే.  ఎండ ఆఖరి బెజ్జాల మీద మాత్రమే ఉంది.

ముక్కను తిప్పాడు.

నాలుగు.

"ఇరవై ఎనిమిది!" అతని గొంతు కప్పు తాకి తిరిగొచ్చింది. పన్నెండు అడుగులు, నూట ఇరవై. ఇద్దరి చేతులూ ఖాళీ. ఆఖరి ముక్కకు ఒక్క అడుగు. దారుదత్తుడు మేకును పీకి నూట ఇరవై ఒకటో బెజ్జంలో గుచ్చాడు.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! గెలిచినవాడి నోరు ఊరుకుంటుందా? మాంత్రికుడి మొహం మీదకు వంగి, "మూళ్లు పొణికి, నాల్గులు చండ్ర! ఏడిపించి చేయించుకున్న పనిలో కర్ర మార్చాలని మా పెద్దయ్య నేర్పాడురా! నీ మొద్దు వేళ్లకు ఏడేళ్లయినా తెలిసిందా?" అని కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

పారదాక్షుడి కళ్లు ఒక్కసారి మెరిశాయి. ఆ మాటను అతను గట్టిగా పట్టుకున్నాడు. మరుక్షణం ప్రమాణం తన పని తాను చేసింది. గడ్డం, కళ్లు, నడుము అన్నీ ముడుచుకుపోయి, కొయ్యమేకు ఒకటి పీట మీద నుంచి దొర్లి పలక మీద పడింది.

అదే సమయానికి చివరి బెజ్జంలోంచి శరభవర్మ లేచాడు. లేవడం అంటే ఆరడుగుల మనిషి ఒక్కసారిగా, రెండు కాళ్లతో, ఆ పలక కొస మీదనే లేచాడు. పలక తూగుడుబల్లలా అవతలి కొస లేచి తిరగబడింది. ముక్కలు చెల్లాచెదురయ్యాయి. నూట ఇరవైలో ఉన్న కూర్మాచారి మేకు గాలిలోకి ఎగిరి నేల మీద పడి దొర్లింది. దాని పక్కనే ఇంకొకటి దొర్లింది.

"కాలు చూసుకుని లేవొద్దా మహారాజా!" అని దారుదత్తుడు నెత్తి కొట్టుకున్నాడు.

"నాలుగు గడియలు ఒంటికాలి మీద నిలబడ్డాను. ఆ కాలు తిమ్మిరెక్కింది!" అన్నాడు శరభవర్మ.

ఇంతలో కోటలో ఎక్కడో గంట మోగింది. యజమాని పడిపోతే మోగే గంట అది. దూరంగా రాతి మెట్ల మీద ఇనుప పాదాల చప్పుడు మొదలైంది. ప్రాణం లేని భటులు, దయ లేని చేతులు. శరభవర్మ పరుగున పోయి తలుపు గడియ వేసి, ఆడబొమ్మ చేతిలోని వెండి పళ్లెం లాక్కుని డాలుగా పట్టుకుని తలుపుకు వీపు ఆనించాడు.

"త్వరగా కానీరా! మీ పెద్దయ్యను ఆ బెజ్జంలో పెట్టు! ఎండ పోతోంది!"

దారుదత్తుడు పలకను సరిచేసి, నేల మీది మేకులు రెండూ ఏరుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఒకే పొడవు, ఒకే రంగు. బరువు తూచాడు, తేడా లేదు. వేలితో నిమిరాడు, తేడా లేదు. కర్రను చీకట్లో గుర్తుపట్టే చేతికి మొదటిసారి ఏమీ తెలియలేదు. వీటిలో ఒకటి తనను పెంచిన చెయ్యి. ఇంకొకటి ఆ చేతిని కట్టేసిన పాపి. పొరపాటున రెండోదాన్ని బెజ్జంలో పెడితే పారదాక్షుడు లేచి కూర్చుంటాడు.

"పెద్దయ్యా! నువ్వేనా?" అన్నాడు.

"నేనేరా దారూ!" అంది ఒక మేకు. "నేనేరా నాయనా!" అంది రెండోది. రెండూ ఒకే దోమ రొద.

"మన పనివాళ్ల మాట చెప్పు. ఏడిపించి చేయించుకున్న పనిలో ఏం చెయ్యాలి?"

"కర్ర మార్చాలి!" అన్నాయి రెండూ ఒక్కసారే.

దారుదత్తుడికి తన నోటిని తానే వాయించుకోవాలనిపించింది. ఇందాక గెలిచిన గర్వంతో వాగకుండా ఉంటే ఆ మాట ఈ రెండు మేకుల్లో ఒక్కదానికే తెలిసి ఉండేది. తలుపు మీద మొదటి దెబ్బ పడింది. గడియ వంగింది. చివరి బెజ్జం మీద ఎండ చింతగింజంత మిగిలింది.

"నన్ను పెట్టు దారూ, పెట్టెయ్! ఏడేళ్లు చీకట్లో ఉన్నానురా! నీ పెద్దయ్య మీద జాలి లేదా?" అని ఎడమచేతి వైపు మేకు గగ్గోలు పెట్టింది.

కుడివైపు మేకు మెల్లగా అంది. "ఎవ్వర్నీ పెట్టకురా. తప్పు పడితే ముగ్గురమూ పోతాం. నన్ను ఈ నేల మీదే వదిలేసి ఆ తోడొచ్చినవాణ్ణి తీసుకుని పో. కర్ర గుర్తుపట్టావు చూడు, నాకది చాలు."

దారుదత్తుడి కళ్లలో నీళ్లు జలజలా రాలాయి. ఎడమవైపు మేకును మొలలో దోపి ముడి వేశాడు. కుడివైపుదాన్ని, చింతగింజ ఎండ ఆవగింజంత అయ్యేలోగా, నూట ఇరవై ఒకటో బెజ్జంలోకి దించాడు.

తలుపు గడియ ఫెళ్లున విరిగింది. శరభవర్మ పళ్లెంతో సహా పది బారల దూరాన వచ్చి పడ్డాడు. విరిగిన తలుపులోంచి ఇనుప చేతులు, వాటి వెనక ఎర్రని ఇనుప కళ్లు లోపలికి వచ్చాయి. కప్పు మీది కిరణం పలక దాటి చల్లారిపోయింది.

ఆ మసక వెలుగులో బెజ్జం మీంచి ఒక చెయ్యి లేచి దారుదత్తుడి మణికట్టును గట్టిగా పట్టుకుంది. గరుకు చెయ్యి. కాయలు కాచిన అరచెయ్యి. బాడిసకు కొన తెగిన చిటికెనవేలు. చిన్నప్పుడు సంతలో తప్పిపోకుండా అతను పట్టుకుని నడిచిన వేలు అది.

"పెద్దయ్యా!"

"ఏడుపులు తర్వాత," అంది ఏడేళ్లుగా వినని గొంతు. "ఆ భటుల మోకాళ్ల లోపల ఉన్నది నేను పెట్టిన పొణికి కర్రేరా. ముందు ఆ ఉలి ఇటివ్వు."